సేకరించిన జానపద పాటలు, సొంత పాటలు: పుస్తకంగా, ఆడియోగా ప్రచురించేదెలా?

మోదుగుపూలు
అందరికీ నమస్కారం. మా మండలంలో ఆడవాళ్లు పాడే బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు, అప్పగింత పాటలు నలభై దాకా నా దగ్గర ఉన్నాయి. కొన్ని ఫోన్‌లో రికార్డు చేసినవి, కొన్ని నోటుబుక్కులో రాసుకున్నవి. ఇవి కాక నేను రాసిన పాటలు ఎనిమిది. వాటికి బాణీ కట్టింది ఒక మిత్రుడు. సేకరించినవాటిని ఆడియోతో కలిపి చిన్న పుస్తకంగా తేవాలని, సొంతవాటిని స్ట్రీమింగ్ యాప్‌లలో, యూట్యూబ్‌లో పెట్టాలని అనుకుంటున్నాను. ఎక్కడ ఎవరి పేరు వేయాలి, హక్కులు ఎవరివి, ఏ పని ముందు చేయాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పద్దులపెట్టె
ముందు రెండు కట్టలనూ విడదీయండి. సేకరించిన పాటల లెక్క వేరు, మీ పాటల లెక్క వేరు.

ఒక పాట రికార్డులో నాలుగు హక్కులు ఒకదానిమీద ఒకటి ఉంటాయి: మాట, బాణీ, పాడిన గొంతు, రికార్డింగ్. మాటకూ బాణీకీ రచయిత బతికున్నంత కాలం, పోయాక మరో 60 ఏళ్లు. పోయిన ఏడాది తర్వాతి జనవరి నుంచి ఆ 60 లెక్క మొదలవుతుంది. పాడినవారికి ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు. రికార్డింగ్‌కు, అది ప్రచురించిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు.

నిజంగా ఎవరు కట్టారో తెలియని పాత జానపదమైతే మాట మీద, బాణీ మీద ఎవరికీ హక్కు లేదు. సేకరించినంత మాత్రాన మీకూ రాదు. మీకు వచ్చేది మీరు చేసిన రికార్డింగ్ మీద, పుస్తకంలో పాటల ఎంపిక, వరస, ముందుమాట, పాదసూచికల మీద. గొంతు మీద హక్కు మాత్రం పాడిన అమ్మదే. ఆమె ఒప్పుకోకుండా ఆ రికార్డును బయటపెట్టడానికి చట్టం ప్రకారం వీల్లేదు. సేకర్తలు ఎక్కువగా పట్టించుకోనిది ఇదే. పుస్తకం అట్ట మీద 'సేకరణ: ఫలానా' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. పాడినవాళ్లు చివరి పేజీలో 'సహకరించిన గ్రామస్తులకు కృతజ్ఞతలు' అనే ఒక్క ముక్కలో కలిసిపోతారు. ప్రతి పాట కిందా పాడినవారి పేరు, ఊరు, రికార్డు చేసిన తేదీ ఉండాలి. ఆడియోలోనైతే గాయని గడిలో ఆమె పేరే ఉండాలి, మీది కాదు.

దరువు
పద్దులపెట్టె గారు చెప్పిన అనుమతి గురించి కొంచెం. కాగితం మీద వేలిముద్ర తీసుకోవడం కంటే పాట రికార్డు చేసిన మైకులోనే అడిగి, జవాబు కూడా రికార్డు చేయడం మేలు. 'మీకు ఇష్టమేనా' అని ఒక్క ప్రశ్నతో సరిపెట్టొద్దు. మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి: పుస్తకంలో అచ్చు వేయొచ్చా? గొంతు ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా? దాని మీద డబ్బు వస్తే మీ వాటా ఎంత, ఎవరికి పంపాలి? చాలామంది మొదటిదానికి సరే అంటారు, రెండోదానికి ఇంట్లో అడిగి చెప్తామంటారు. అప్పగింత పాటలు, పెళ్లిలో వియ్యంకులను ఆడిపోసుకునే పాటలు అయితే ఇంకా జాగ్రత్త. వాటిలో నిజమైన ఇంటిపేర్లు, కులాల పేర్లు వచ్చి పడతాయి. ముందే రికార్డయినవాటికి కూడా మళ్లీ వెళ్లి అడగండి. అడిగిన ఫైలును పాట ఫైలు పక్కనే దాచండి.

పేరు వద్దన్నవారికి పేరు తీసేసి ఊరు మాత్రం ఉంచండి. ఇంటర్నెట్ వద్దన్నవారి గొంతు పెట్టకండి, అంతే.

రాగిరేకు
'జానపదం' అని రాసే ముందు ప్రతి పాటనూ ఒకసారి జల్లెడ పట్టండి మోదుగుపూలు గారూ. ఊళ్లో పాడుతున్నంత మాత్రాన ఊరిదని కాదు. 'పల్లెటూరి పిల్లగాడా' సుద్దాల హనుమంతు రాసింది. ఆయన 1982లో పోయారు కాబట్టి 2042 చివరిదాకా ఆ సాహిత్యానికి హక్కుదారులు ఉన్నారు. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' వంగపండు ప్రసాదరావుది. ఆయన పోయింది 2020లో, అంటే 2080 చివరిదాకా. ఈ రెంటినీ అజ్ఞాత కర్తృకాలుగా పాడేవాళ్లు కోకొల్లలు.

ఎలా పట్టుకోవాలంటే, చివరి చరణం చూడండి. తత్వాల్లో, కీర్తనల్లో, కొన్ని మంగళహారతుల్లో కవి ముద్ర, అంటే కవి తన గుర్తుగా పెట్టే పేరు ఉంటుంది. పాడేవాళ్లు మొదటి రెండు చరణాలు పాడి ఆపేస్తే ముద్ర పోతుంది. కాబట్టి 'ఇంకా ఉందా అమ్మా?' అని అడగడం సేకర్త పని. నాట్ల పాటల్లో జెండా, సంఘం, దొర, గడీ లాంటి మాటలు వస్తే తెలంగాణ సాయుధ పోరాట కాలపు పాట కావచ్చని అనుమానించాలి. వాటిలో చాలావాటికి కర్తలు తెలుసు.

సాహిత్యం పాతదైనా బాణీ కొత్తది కావచ్చు, అదింకో చిక్కు. అన్నమయ్య కీర్తనల రాగి రేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు. ఇవాళ మనం వినే బాణీల్లో ఎన్నో 20వ శతాబ్దంలో కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో, నేదునూరి కృష్ణమూర్తి 2014లో పోయారు. ఆ బాణీల లెక్క 2039 దాకా, 2074 దాకా నడుస్తుంది. మాట అయిదు వందల ఏళ్లు దాటినదే అయినా బాణీ హక్కు ఎవరి చేతిలో ఉందో కనుక్కున్నాకే రికార్డు చేయాలి.

దరువు
ఇక రికార్డింగు. ఫోన్‌లో మామూలు వాయిస్ రికార్డర్ ఫైలును కుదించి దాస్తుంది. గొంతుకు చుట్టూ ఉన్న చప్పుడు తగ్గించే ఏర్పాటు కూడా తనంతట తానే వేస్తుంది. దాంతో కోరస్ అణిగిపోతుంది, చప్పట్లు తెగిపోతాయి. కుదించని వేవ్ ఫార్మాట్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఇచ్చే యాప్ గానీ చిన్న చేతి రికార్డర్ గానీ వాడండి. ఆటో లెవెల్, నాయిస్ తగ్గించే ఆప్షన్ ఆపేయండి. ఫోన్ అయితే ఏరోప్లేన్ మోడ్ వేయండి.

ఒక్కరే పాడుతుంటే మూతికి జానెడున్నర దూరం, కొంచెం పక్కగా. ఎదురుగా పెడితే 'ప', 'బ' దగ్గర గాలి కొడుతుంది. లెవెల్ మీటరులో ఎక్కువలో ఎక్కువ మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆగేలా చూడండి.

బతుకమ్మ ఆట వేరు. వలయం బయట నిలబడితే ప్రతి గొంతూ దగ్గరకు వచ్చి దూరం పోతూ ఉంటుంది, వింటే అల వచ్చిపోయినట్టే ఉంటుంది. బతుకమ్మల పక్కన, వలయం మధ్యలో స్టాండు పెట్టాలి. నేల మీద నేరుగా పెడితే అడుగుల దడదడ ఎక్కుతుంది కాబట్టి కింద మడతపెట్టిన బట్ట వేయండి. లెవెల్ గొంతును బట్టి కాదు, చప్పట్లను బట్టి పెట్టాలి. చప్పట్ల దగ్గర పగిలిన ఆడియోను తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

నాట్ల పాటను ఇంట్లో కూర్చోబెట్టి పాడించుకుంటే నడక మారిపోతుంది. నాటు వేసే చేతి కదలికే ఆ పాటకు తాళం. వీలైతే పొలంలో ఒకసారి, మాటలు స్పష్టంగా పట్టడానికి ఇంటి దగ్గర ఒకసారి తీయండి. పుస్తకానికి రెండోది, ఆడియోకు మొదటిది.

ప్రతి ఫైలు మొదట్లో తేదీ, ఊరు, పాడేవారి పేరు నోటితో చెప్పి రికార్డు చేయండి. ఫైలు పేరు మారిపోయినా ఆ మాట ఉంటుంది.

నాలుగోపాదం
రాసుకోవడం గురించి ఒక మాట. పుస్తకం అన్ని జిల్లాలవాళ్లూ చదవాలంటే మాండలికాన్ని కొంచెం సరిచేయక తప్పదని నా అభిప్రాయం. 'అత్తాండు' అని వేస్తే గుంటూరులో చదివేవాడికి అర్థం కాదు కదా. 'వస్తున్నాడు' అని రాస్తే పోయేదేముంది?

దరువు
నడక పోతుంది నాలుగోపాదం గారూ. గురువులు, లఘువులు వేసి చూడండి. 'అత్తాండు' అంటే గురువు, గురువు, లఘువు: అయిదు మాత్రలు. 'వస్తున్నాడు' మూడు గురువులు, ఒక లఘువు: ఏడు మాత్రలు. అయిదు మాత్రల నడకలో సాగే పాటలో రెండు మాత్రలు ఎక్కువైతే ఆ పుస్తకం చూసి ఎవరూ పాడలేరు. పాదం 'అ'తో మొదలై ఇక్కడ యతి కలిసిందనుకోండి, అదీ పోతుంది. ఇలా 'సరిచేసిన' పాటల పుస్తకాలు మనకు చాలానే ఉన్నాయి. చదవడానికి బాగుంటాయి, గొంతెత్తితే ఒక్క చరణం సాగదు.

అర్థం కాదన్న భయం నిజమే. దానికి మందు పేజీ అడుగున పదం, అర్థం ఇవ్వడం. పాట ఒంటి మీద చేయి వేయొద్దు.

నాలుగోపాదం
మాత్రల లెక్క ఒప్పుకుంటున్నాను. అయితే ఉచ్చారణ అంతా అక్షరాల్లోకి దించాలన్నా కుదరదు. ఒకే అమ్మ మొదటి చరణంలో 'చెల్లె' అని, మూడోదాంట్లో 'సెల్లె' అని పాడుతుంది. అప్పుడు?

దరువు
ఎలా పాడితే అలాగే వేయండి. ఒకే పాటలో రెండూ ఉండటం తప్పు కాదు. కానీ ముందుమాటలో 'పాడినదాన్ని పాడినట్టే వేశాం' అని ఒక వాక్యం ఉండాలి. లేకపోతే ప్రూఫ్ దిద్దేవారు అచ్చుతప్పు అనుకుని అన్నీ 'చెల్లె' చేసేస్తారు.

పాటలో దాటిపోయిన మాట వినపడకపోతే ఊహించి నింపొద్దు. మూడు చుక్కలు పెట్టండి. మళ్లీ వెళ్లి అదే అమ్మను అడిగినప్పుడు వేరే మాట చెప్తే, అది పాఠాంతరం. దాన్నీ కింద ఇవ్వండి.

పల్లవి, వంతపాట గురించి కూడా. ప్రతి పాదం చివరా 'ఉయ్యాలో' వస్తుంటే నలభై పాదాలకూ అచ్చువేస్తే పేజీలు నిండుతాయి, చదివే కన్ను జారిపోతుంది. మాటవరసకు ఇలా:

ఏటి గట్టు మీద ఉయ్యాలో
ఎదురు సూసె సెల్లె ఉయ్యాలో

మొదటి రెండు పాదాలకు పూర్తిగా వేసి, మిగతా పాదాల చివర చిన్న గీత పెట్టండి. వంత ఎవరు పాడతారు, ముందు పాడే ఆమె ఎక్కడ ఆపుతుంది అన్నది పాట నెత్తిన ఒక్క లైనులో రాయండి. ఒక్కో ఊళ్లో పాదమంతా కోరస్ తిరిగి పాడుతుంది, ఒక్కో ఊళ్లో 'ఉయ్యాలో' మాత్రమే అందుకుంటుంది. కాగితం మీద రెండూ ఒకేలా కనపడతాయి కాబట్టి మీరు రాయకపోతే తర్వాతివాళ్లకు తెలిసే దారి లేదు.

అచ్చుమర
పుస్తకం లెక్క నేను చెప్తాను. డెమ్మీ 1/8 సైజు, 16 పేజీలు ఒక ఫారం. నలభై పాటలకు పాటకు పేజీన్నర చొప్పున 60, ముందుమాట, పాడినవారి వివరాలు, పదాల పట్టిక కలిపి ఇంకో 20. మొత్తం 80 పేజీలు, సరిగ్గా అయిదు ఫారాలు. 82 పేజీలు అయిందంటే ఆరో ఫారం మొదలవుతుంది, ఖర్చు పెరుగుతుంది. అందుకని ముందే పేజీలు లెక్కగట్టి పాటలు కూర్చండి. 70 జీఎస్‌ఎమ్ (కాగితం బరువు లెక్క) మ్యాప్‌లిథో కాగితం సరిపోతుంది. 80 పేజీల దాకా మధ్యలో పిన్ను కొట్టొచ్చు. అంతకు మించితే జిగురు బైండింగ్. పాడుకునే పుస్తకం తెరిచి ఒళ్లో పెట్టుకుంటారు కాబట్టి పిన్నుదే మేలు, బల్లపరుపుగా తెరుచుకుంటుంది.

మూడు వందల కాపీల లోపయితే డిజిటల్ ప్రింటింగ్. అయిదు వందలు దాటితేనే ఆఫ్‌సెట్ ప్లేట్ల ఖర్చు గిట్టుబాటు.

ఒక పాట రెండు పేజీలకు పోతే ఎడమ పేజీ నుంచి కుడి పేజీకి పోవాలి. పాట మధ్యలో పేజీ తిప్పాల్సి వస్తే పాడేవాళ్లకు ఇబ్బంది.

టైపు యూనికోడ్‌లోనే చేయించండి. ఇంకా చాలా డీటీపీ సెంటర్లలో పాత అను ఫాంట్లలోనే కొడతారు. తర్వాత యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు తారుమారవుతాయి, సున్నాలు ఎగిరిపోతాయి, మాండలికం పాటల్లో ఆ తప్పులు కంటికి ఆనవు. 'సూసె' అని ఉండాల్సిన చోట 'సూనె' అని పడితే అదేదో ప్రాంతీయ పదం అనుకుంటారు. ప్రూఫ్ చూసేది పాట తెలిసిన మనిషై ఉండాలి. కళ్లతో కాదు, ఆడియో పెట్టుకుని, ఒకరు చదువుతుంటే ఇంకొకరు వింటూ చూడాలి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లలో వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయకపోతే వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి.

పుస్తకానికి గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. అచ్చు పుస్తకానికి ఒకటి, ఈ-బుక్‌కు వేరొకటి. డీలర్‌కు డబ్బు కట్టి కొనొద్దు. పుస్తకం వచ్చాక కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమారా గ్రంథాలయానికి, ముంబై, దిల్లీలలోని మరో రెండింటికి కాపీలు పంపాలి. 1954 నాటి చట్టం ప్రకారం 30 రోజుల్లో పంపడం ప్రచురణకర్త బాధ్యత. దాన్ని భారంగా అనుకోకండి. మీ ఇంట్లో కాపీలన్నీ చెదలు తిన్నా అక్కడ ఒకటి ఉంటుంది.

స్వరలిపి
సొంత పాటలకు స్వరాలు కూడా అచ్చువేస్తారా? వేస్తే ఒక హెచ్చరిక. తారస్థాయికి అక్షరం పైన చుక్క, మంద్రానికి కింద చుక్క. యూనికోడ్‌లో అక్షరంతో కలిసే చుక్కలు ఉన్నాయి గానీ చాలా తెలుగు ఫాంట్లు వాటిని సరైన చోట కూర్చోబెట్టవు. 'రి', 'ని'ల గుడి మీద చుక్క ఎక్కి కలిసిపోతుంది. ఒక్క పేజీ ముందు ప్రింట్ తీసి చూసుకోండి. బాగా రాకపోతే స్వరాల వరసలను విడిగా గీయించి బొమ్మగా పెట్టండి. శ్రుతి, తాళం, ఎత్తుగడ (పాట తాళంలో ఎక్కడ మొదలవుతుందన్నది) సమమా అనాగతమా అన్నది పాట నెత్తిన రాయాలి. ఎత్తుగడ రాయని స్వరలిపిని చూసి నేర్చుకునేవారు తాళం మొదటి ఆవర్తనంలోనే తడబడతారు.

పద్దులపెట్టె
ఇక సొంత పాటలు. మిత్రుడితో కాగితం ఉందా? స్నేహితులమే కదా అని వదిలేస్తే ఎవరి వాటా ఎంతన్నది డబ్బు వచ్చాక తేల్చుకోవాల్సి వస్తుంది. ఇద్దరిలో ఒకరు రెండోవారికి హక్కు రాసిస్తున్నట్టయితే ఆ ఒప్పందంలో అయిదు ఉండాలి: పాటల పేర్లు, ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఏ దేశాలకు, రాయల్టీ వాటా. ఏళ్లు రాయకపోతే చట్టం అయిదేళ్లే అనుకుంటుంది. దేశం రాయకపోతే భారతదేశం మాత్రమే. స్ట్రీమింగ్ ప్రపంచమంతటా వెళ్తుంది కాబట్టి ఈ రెండో లోటు నిజంగా దెబ్బతీస్తుంది. రాసిచ్చిన హక్కును ఏడాదిలోగా వాడకపోతే అది తిరిగి రచయితకు వచ్చేస్తుంది, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప.

ఎవరైనా ఆడియో కంపెనీ వచ్చి 'అన్ని హక్కులూ శాశ్వతంగా' అని రాసిమ్మంటే ఒకటి గుర్తుంచుకోండి. 2012 సవరణ తర్వాత సినిమా పాటకైనా, ఆడియో పాటకైనా గీత రచయిత, స్వరకర్త తమ సమాన రాయల్టీ వాటాను వదులుకుంటూ రాసిచ్చినా అది చెల్లదు. వారసులకు, వసూలు చేసే కాపీరైట్ సొసైటీకి మాత్రమే ఆ వాటా ఇవ్వొచ్చు. ఆ సొసైటీ మన దేశంలో ఐపీఆర్‌ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ). సభ్యత్వం తీసుకుని ఎనిమిది పాటలూ వాటాలతో సహా నమోదు చేయండి. మాటకు 50, బాణీకి 50 అని ఇద్దరూ ఒకే లెక్క ఇవ్వాలి. మీరు 60, ఆయన 50 రాస్తే మొత్తం నూరు దాటి డబ్బు ఆగిపోతుంది.

కాపీరైట్ ఆఫీసులో నమోదు తప్పనిసరి కాదు. రాసిన క్షణమే హక్కు వస్తుంది. రుజువు కోసం చేయించుకుంటే మంచిదే. సాహిత్యానికి 500 రూపాయలు, సౌండ్ రికార్డింగ్‌కు 2000, అభ్యంతరాల కోసం 30 రోజుల వ్యవధి.

తంబురమీట
స్ట్రీమింగ్ యాప్‌లకు పాటలు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఫారం నింపే దగ్గరే పాటలు చెడిపోతాయి. గమనించాల్సినవి చెప్తాను.

వేవ్ ఫైలు పంపండి, ఎంపీ3 నుంచి మార్చిన వేవ్ కాదు. కవర్ బొమ్మ 3000 × 3000 పిక్సెళ్లు, చతురస్రం. దాని మీద ఫోన్ నంబర్, వెబ్‌సైట్, యాప్ లోగో ఉంటే వెనక్కి పంపేస్తారు. శబ్దం పెంచి పెంచి మాస్టరింగ్ చేయించొద్దు. స్పాటిఫై అన్ని పాటలనూ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి వినిపించే శబ్దం కొలత) తెచ్చి వినిపిస్తుంది. మైనస్ 8 దగ్గర మీరు పంపితే దాన్ని తగ్గించే వినిపిస్తారు, డోలు దెబ్బలోని ఊపు మాత్రం పోయి ఉంటుంది. పీక్ మైనస్ 1 డెసిబెల్ దాటకూడదు.

ప్రతి రికార్డింగ్‌కు ఐఎస్‌ఆర్‌సి అనే 12 అక్షరాల గుర్తింపు నంబరు ఉంటుంది. దేశం రెండు, నమోదుదారు మూడు, సంవత్సరం రెండు, వరస సంఖ్య అయిదు. డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా ఇదే నంబరు ఇవ్వాలి. కొత్తది తీసుకుంటే పాత వినికిడి లెక్క దీనికి కలవదు. అదే పాటను తిరిగి పాడినా, కరోకే చేసినా మాత్రం కొత్త నంబరే.

పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్క స్పెల్లింగే పెట్టుకోండి, అన్ని చోట్లా అదే. ఒక చోట రెండు 'ఎ'లు, ఇంకో చోట ఒకటి పెడితే ఇద్దరు గాయకులుగా విడిపోతారు. విడుదల తేదీకి కనీసం నాలుగు వారాల ముందు అప్‌లోడ్ చేయండి.

జానపద పాటకు రచయిత, స్వరకర్త గడుల్లో 'ట్రెడిషనల్' అని, వాద్యాలు అమర్చినవారిని 'అరేంజర్' అని రాయాలి. మీ పేరు రచయితగా వేస్తే, అదే పాటను వేరే జిల్లాలో ఇంకొకరు వాళ్ల పేరుతో వేసినరోజు రెండు పాటలూ వివాదంలో పడతాయి.

మోదుగుపూలు
తంబురమీట గారూ, యూట్యూబ్‌లో జానపద పాట పెట్టగానే ఎవరో అది తమదంటూ క్లెయిమ్ వేస్తున్నారని విన్నాను. ఎందుకలా?

తంబురమీట
రెండు కారణాలు. ఒకటి, ఎక్కించిన పాటలను పోల్చి చూసే యూట్యూబ్ ఏర్పాటు కంటెంట్ ఐడీ ఆడియోనే కాదు, కొన్నిసార్లు బాణీని కూడా పోలుస్తుంది. ఎవరో అదే జానపదాన్ని ముందుగా ఎక్కించి ఉంటే మీది వాళ్లదిగా కనిపిస్తుంది. రెండోది, ఎవరికైనా అమ్మే బీట్లు, లూపులు వాడి చేసిన పాటను ఎవరో దానికి రిఫరెన్స్‌గా, అంటే పోలికకు నమూనాగా ఇవ్వడం. ఆ లూపు వాడిన ప్రతివాడికీ క్లెయిమ్ పోతుంది. అందుకే అలాంటి ట్రాకులను కంటెంట్ ఐడీకి ఇవ్వొద్దు, ఫారంలో ఆ గడి వదిలేయండి.

క్లెయిమ్ వస్తే అయిదు రోజుల్లోపు అభ్యంతరం పెట్టండి. అప్పుడు క్లెయిమ్ పడిన మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బును పక్కన ఉంచుతారు. అవతలివారికి జవాబుకు 30 రోజులు. వాళ్లు కాదంటే మీరు అప్పీలు చేయాలి, దానికి వాళ్ల జవాబుకు 7 రోజులు. అభ్యంతరంలో 'ఇది జానపదం' అని మాత్రమే రాస్తే చాలదు. సాహిత్యం, బాణీ సంప్రదాయంగా వచ్చినవి, గొంతు ఫలానా వారిది, రికార్డింగ్ ఫలానా తేదీన ఫలానా ఊళ్లో నేను చేసినది అని మూడూ రాయాలి. దరువు గారు చెప్పినట్టు ఫైలు మొదట్లో నోటితో చెప్పి రికార్డు చేసిన మాట ఇక్కడ అక్కరకొస్తుంది.

రాగిరేకు
సేకరించిన ఆడియోను డబ్బు కోసం కాకుండా అందరికీ అందేలా పెట్టాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్, వికీమీడియా కామన్స్ ఉన్నాయి. కామన్స్‌లో 'వాణిజ్యేతర వాడకానికే' అన్న లైసెన్సు ఒప్పుకోరు. అంటే ఎవరైనా ఆ గొంతును సినిమాలోనో ప్రకటనలోనో పెట్టుకోవచ్చు. పాడిన అమ్మకు ఈ సంగతి విడమరిచి చెప్పి ఒప్పుకున్నాకే అక్కడ పెట్టండి. ఒకసారి ఇచ్చిన లైసెన్సు వెనక్కి తీసుకోలేరు. ఆమెకు అనుమానంగా ఉంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వాణిజ్యేతర లైసెన్సుతో పెట్టొచ్చు.

మోదుగుపూలు
చాలా సంతోషం. ముందు అనుమతుల పని, జల్లెడ పని మొదలుపెడతాను. ఆఖరుగా ఒకటి, పుస్తకంలో ప్రతి పాట పక్కనా క్యూఆర్ కోడ్ వేస్తే బాగుంటుందా?

అచ్చుమర
బాగుంటుంది, రెండు షరతులు. కోడ్ 2 సెంటీమీటర్లకు తగ్గకూడదు, చుట్టూ తెల్ల అంచు వదలాలి, రంగు కాగితం మీద వేయొద్దు. రెండోది, కోడ్ నేరుగా యూట్యూబ్ లింకుకు పోకూడదు. వీడియో తీసేసి మళ్లీ ఎక్కిస్తే లింకు మారుతుంది, అచ్చయిన పుస్తకంలో కోడ్ మారదు. మీ సొంత పేజీకి పంపి, అక్కణ్ణుంచి ఆడియోకు దారి ఇవ్వండి. ప్లేట్లకు ఇచ్చే ముందు కాగితం మీద ప్రింట్ తీసి, నలభై కోడ్లూ ఒక్కొక్కటే పాత ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి. పాట ఒకటి, కోడ్ ఇంకోటి పడటం మామూలుగా జరిగే తప్పు.

దరువు
కోడ్ పక్కన పాడినవారి పేరు మర్చిపోకండి.